మస్టరు చదివే గొంతు

విచారణాధికారం అనగానే ఢిల్లీలో కమిటీ గదులు మనసులో మెదులుతాయి. పార్లమెంటు ఆ అధికారాన్ని ఒకసారి ఊరి రచ్చబండకూ దించింది. 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ పనులను సామాజిక తనిఖీ చేసే బాధ్యత గ్రామసభకు అప్పగించింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు పంచాయతీ చూపించి తీరాలంది. పథకం తొలి విడతలోనే వచ్చిన జిల్లాల్లో వరంగల్ ఒకటి. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న గూడూరు అప్పుడు ఆ జిల్లా మండలమే.

ఈ తనిఖీ పనితీరు గూడూరు లాంటి మండలంలో, తండాలో ఒక గడప ముందు కూర్చుంటే తెలుస్తుంది. వచ్చేది ఆఫీసర్లు కాదు, కూలి కుటుంబాల నుంచి ఎంచి శిక్షణ ఇచ్చిన యువతీయువకులు. ముందు మనిషిని అడుగుతారు. "ఎన్ని వారాలు పోయినవ్ అక్కా? ఏ చెరువు కాడ? పైసలెన్ని ముట్టినయ్?" ఆ తర్వాతే మస్టరులో ఆమె వరుస చూస్తారు. ఆమె నాలుగు వారాలంటే కాగితంలో ఆరు ఉందనుకోండి, ఆ రెండు వారాల తేడా దగ్గరే విచారణ మొదలవుతుంది. అటుపై పని జరిగిన చోటికి వెళ్లి టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు కొలతల పుస్తకంతో సరిచూస్తారు. ఒక్క వానకే కందకం పూడుతుంది కాబట్టి టేపును మాత్రమే నమ్మరు, పక్క చేను రైతునూ అడుగుతారు.

నాకు బాగా నచ్చిన అమరిక ఇంకొకటుంది. తనవాళ్ల లెక్క తానే చూడకుండా, తనిఖీదారుకు సొంత ఊరు ఇవ్వరు. ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణే అధ్యక్షుడిగా పెడుతున్న సంప్రదాయంలో ఉన్నదీ ఈ తెలివే. 2009లో తనిఖీ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేరే సొసైటీ పెట్టింది, పని చేయించే శాఖే తన లెక్క తాను చూసుకోకూడదని. 2011లో కేంద్రం నిబంధనలు తెచ్చి, ఆరునెలలకోసారి తనిఖీ జరగాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

లోటు లేకపోలేదు. తప్పు తేలాక డబ్బు రాబట్టడం, శిక్ష వేయడం మళ్లీ అధికారుల చేతిలోనే. పద్దుల కమిటీ కూడా సిఫార్సు దగ్గరే ఆగుతుంది కదా.

అయినా మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే తనిఖీపై బహిరంగ విచారణ, జరిగే రోజు చూడాలి. హాజరు వేసిన ఫీల్డ్ అసిస్టెంట్, కొలతలు రాసిన టెక్నికల్ అసిస్టెంట్ ఎదురుగానే మస్టరు పైకి చదువుతారు. తన పేరు వినపడగానే లేచి, "ఆ పనికి నేను పోలే" అని ఒకామె అంటే, జవాబు చెప్పాల్సిన వంతు వాళ్లది.