రాధికాసాంత్వన పీఠిక - ఒక పరిశీలన

సాంత్వనమనగా ఊరడింపు. నేడు కౌన్సెలింగు అను పేర జరుగుచున్న పనికి ఈ ప్రాచీనపదము చాలవరకు సరిపోవును. కాని ఊరడించువారి చూపునందే దోషమున్నచో ఊరడింపు నిందగా మారును. ఇందులకు తెలుగు సాహిత్యచరిత్రయందే నిదర్శనము కలదు.

తంజావూరు ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమందలి ముద్దుపళని 'రాధికాసాంత్వనము' అను నాలుగాశ్వాసముల శృంగారప్రబంధమును రచించెను. తాను పెంచిన ఇళాదేవిని తానే కృష్ణునికిచ్చి పెండ్లిచేసిన రాధ పిదప విరహమున కుములుటయు, కృష్ణుడామెను ఊరడించుటయు ఇందలి కథ. రాధ కోపమును కవయిత్రి దోషముగా నెంచలేదు, బాధగా గుర్తించినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మాత్రము ఇందలి శృంగారమును గర్హించుచు, కవయిత్రి వేశ్య యనుటను ఎత్తిచూపిరి. కావ్యవిమర్శ వ్యక్తినిందగా మారినది.

1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఈ కావ్యమును పరిష్కరించి ప్రకటించెను. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని ఆమె పీఠికలో నిలదీసినది. పురుషకవుల శృంగారము ఇంతకు మించియు ఆదరింపబడుచున్నదని చూపినది. 1911లో ఆంగ్లప్రభుత్వము కావ్యము అశ్లీలమని ప్రతులను స్వాధీనపరచుకొనెను. ఆ నిషేధము టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మ కీర్తిశేషురాలైనదియు ఆ యేటనే.

పీఠికకు ఒక పరిమితి లేకపోలేదు. ఇతరులును అట్లే వ్రాసిరనుట కావ్యగుణమును నిరూపింపదు. అయినను విచారణను స్త్రీ శీలము నుండి విమర్శకుని కొలమానము మీదికి మరల్చుట ఆమె సాధించిన విశేషము.

ఆ పాత కొలమానము నేటికిని చెల్లుచునే యున్నది. కె.ఆర్.పురమున నివసించుచు వైట్‌ఫీల్డు కార్యాలయములలో పనిచేయు తెలుగు యువతులు కొందరు అమెరికాకు పోవుచున్నారు. ఆసియా స్త్రీ యనగా నోరులేనిది, లేదా మోహపెట్టునది యను మూస యూహ అచట వారికి ఎదురగుచున్నది. ఇందు జాతివివక్షయు లింగవివక్షయు పెనవేసికొన్నవి. 2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతమున కాల్పులకు బలియైన ఎనమండుగురిలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. తనకు ప్రలోభమైన తావులను నిర్మూలింప దలచితినని హంతకుడు చెప్పినట్లు పోలీసులు వెల్లడించిరి. తన మనోవికారమునకు బాధ్యతను అతడు పరుల మీద మోపెను.

ఇట్టి మూస యూహలచే గాయపడి వచ్చిన స్త్రీతో సలహాదారు, సర్దుకొనుమని చెప్పుటయో, ఆమె కట్టుబొట్టులను విచారించుటయో చేసినచో ఆ పాతతీర్పునే మరల చదివినట్లగును. ఆమె నడవడి ఎట్టిదని గాక, ఆమెను ఎవరు ఏ కొలతతో కొలిచిరని విచారింపవలెను. ఆ కొలత తన చేతను లేదుగదా యని ముందుగా చూచుకొనవలెను. నాగరత్నమ్మ పీఠిక నేర్పు సాంత్వనము ఇదియే.