గిద్దలూరు అర్ధరాత్రి: ఉయ్యాలవాడ కథలో జనం

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు గురించి మనవారు రెండు తీర్పులు చెబుతుంటారు. 1857కు ముందే సాగిన స్వాతంత్ర్య సమరమని కొందరు, భరణం దక్కని పాలెగారి కోపమని మరికొందరు. ఈ రెండు తీర్పులకూ లోపమొక్కటే. రెండింటిలోనూ నాయకుడే కనబడతాడు గాని, వెంట నడిచిన జనం కనబడరు.

భరణం మాట అబద్ధం కాదు. 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ దగ్గర కోవెలకుంట్ల తహసీల్దారు చేసిన అవమానమే నిప్పురవ్వ. అయితే రవ్వ అంటుకోవాలంటే ఎండుగడ్డి ఉండాలి. గ్రామాలకు కావలి కాసిన కట్టుబడి బంట్ల మాన్యాలను కంపెనీ ప్రభుత్వం లాగుకొన్నది. అట్లా నేల పోయినవారు రెడ్డి పక్షాన నిలిచారు. 1846 జూలై 10న ఆయన సుమారు 500 మంది బోయలతో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. దొరికినది 800 పైచిలుకు రూపాయలు. దోపిడీయే లక్ష్యమైతే అంత స్వల్పానికి అంతమంది ప్రాణాలొడ్డుతారా? వారు కొట్టినది శిస్తు పోగుపడే చోటును.

తరువాత పోరు నల్లమల దాటి మన గిద్దలూరుకు వచ్చింది. జూలై 23 అర్ధరాత్రి, వెంటాడి వచ్చిన కంపెనీ సైన్యం మీద వీరే విరుచుకుపడి ఓడించారు. తుపాకీ, కవాతు పగటి బలాలు. వాగూ గుట్టా కాలికి తెలిసి ఉండటం రాత్రి బలం. ఆ బలం ఏ ఒక్క పాలెగారిదీ కాదు. అది కావలి కాసినవారిది, అడవి అంచున బ్రతికినవారిది.

రేనాటి జానపదుల పాట రెడ్డిని దొర అనే పిలుస్తుంది. అందులో భూస్వామ్య సంస్కారం ఉన్నది, దాచవలసిన పనిలేదు. అయినా అది ఆ నేల మీది మనుషులే తమవానికోసం కట్టుకొన్న పాట. 2019లో వచ్చిన చలనచిత్రం ఆ పాట నుండే పేరు తీసుకొని, కథను మాత్రం ఝాన్సీ లక్ష్మీబాయి నోట చెప్పించింది. రేనాటి పోరుకు గౌరవం దక్కాలంటే ఒక రాణి సాక్ష్యం కావలసి వచ్చిందన్నమాట!

1847 ఫిబ్రవరి 22న రెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను 1877 వరకు కోటలో వేలాడదీశారు. అది ఎవరిని బెదిరించటానికి? ఆ దారిన రోజూ నడిచే జనాన్ని. జనమే అసలు బలమని పాలకులు గ్రహించారు, మన విమర్శ ఇంకా గ్రహించవలసి ఉన్నది. గిద్దలూరు, మార్కాపురం పల్లెలలో పాటలు సేకరించే మిత్రులు వీరుని కథతోపాటు, ఆయన వెంట నడిచిన బోయల, కట్టుబడుల ఊళ్లనూ పేర్లనూ అడిగి రాసుకోవాలి.