ముల్లు తీసిన ముద్ద

మా నాన్నకు అరవై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు సముద్రం మీద వేటకే సరిపోయాయి. ఇప్పటికీ ఆయన కంచంలో చేపకు ముల్లు తీసేది మా నానమ్మే.

జంగ్లీఘాట్‌లో చేపల జెట్టీకి దగ్గర్లోనే మా పుట్టిల్లు. మా ఆయన ద్వీపాల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. ఆయన ఊళ్లో లేని రోజుల్లో నేనూ మా పాపా రాత్రి భోజనం ఇక్కడే. డిసెంబరులో పోర్ట్‌బ్లేర్‌లో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. మేముండేది బర్మాకు దగ్గర, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే కదా. అందుకని ఏడు దాటేసరికి అందరం కింద చాప మీద చేరతాం. నాన్న, అమ్మ, చిన్నాన్న, పిన్ని, నేను, పాప. మోకాళ్లు వంగక నానమ్మ మాత్రం పీట మీద కూర్చుంటుంది. పులుసు దాక ఆమె ముందు ఉంటుంది. ఎవరి కంచంలో ముక్క పడినా, ముందు ఆమె చెయ్యి దాని మీదుగా పోవాలి. ఆ తర్వాతే మనం కలుపుకోవాలి.

చూడ్డానికి చిన్న పనే. ముప్పై ఏళ్లకు పైగా ఆ చేతిని చూస్తున్నాను, నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

కానాగంతకు ఒక తీరు, కవళ్లకు ఇంకో తీరు. కానాగంత ముక్కైతే పక్కన గీతలా కనిపించే చోట బొటనవేలు ఆనించి నెమ్మదిగా నొక్కుతుంది. కండ పైకొకటి, కిందికొకటి రెండు పాయలుగా విడిపోతుంది. అప్పుడు నడిముల్లు తోక వైపు నుంచి పట్టి లేపితే పక్కముళ్లతో సహా దువ్వెనలా వచ్చేస్తుంది. వంజరం పెద్ద చేప, దానితో పేచీ లేదు. మధ్యలో ఎముక తీసేస్తే చిన్న పిల్లలకైనా పెట్టొచ్చు. పేచీ అంతా కవళ్లతోనే. అవీ పులసా ఒకే కోవ చేపలు. నడిముల్లు తీసేసినా కండ పొరల మధ్య వెంట్రుకల్లాంటి ముళ్లు మిగిలిపోతాయి. కంటికి కనపడవు. నానమ్మ ఆ కండను రెండు వేళ్ల మధ్య పెట్టుకుని నలపదు, నలిపితే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుందంటుంది. పాలు తాగే బిడ్డ చెంప నిమిరినట్టు వేలి కొసతో నిమురుతుంది. తగిలిన చోట ఆగుతుంది. తీసిన ముళ్లన్నీ కంచం అంచున ఒకే వైపు వరసగా పెడుతుంది. కంచంలో కలగాపులగంగా పడేస్తే తీసిన ముల్లే మళ్లీ ముద్దలోకి వస్తుందట.

పులుసు పొయ్యి మీంచి దించగానే వడ్డించదు. వేడి మీద వేళ్లు నిలవవు, చల్లారితేనే ముల్లును తడిమి పట్టుకోవచ్చు. పొద్దున వండింది రాత్రికి తినడంలో రుచితో పాటు ఈ సుళువు కూడా ఉంది. ఆమె పులుసులో కొబ్బరిపాలు పోస్తుంది. శ్రీకాకుళం వాళ్లెవరైనా వింటే ఆశ్చర్యపోతారు. ఇక్కడికొచ్చాక పక్కింటి మలయాళీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఎదురింటి బెంగాలీ దీదీ మాత్రం ఈ ముల్లు తీయడాన్ని ఒప్పుకోదు. నాలుకతో ముల్లు వేరుచేసుకోవడం రాని పిల్లలేం పిల్లలని ఆవిడ వాదన. ఆవిడ పెద్దలు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. ఇద్దరూ అండమాన్ హిందీలో నలభై ఏళ్లుగా ఈ వాదన నడుపుతున్నారు.

నానమ్మది శ్రీకాకుళం జిల్లా భావనపాడు వైపు. 1962లో, పదహారేళ్ల వయసులో, తాతయ్య వెంట ఓడెక్కింది. తీరాంధ్ర మత్స్యకార కుటుంబాలు కొన్ని అంతకు ముందే, 1950లలోనే, ప్రభుత్వం భూమీ వలలూ ఇస్తుందని ఇక్కడికి వచ్చి ఉన్నాయి. వాళ్లలో ఒకరి మాట పట్టుకుని తాతయ్య బయల్దేరాడు. విశాఖ నుంచి ఇక్కడికి పన్నెండు వందల కిలోమీటర్లు, ఓడ మీద రెండు పగళ్లు, రెండు రాత్రులు దాటే ప్రయాణం. 'కాలాపానీకి పోతన్నావేటే' అని వాళ్లమ్మ ఏడ్చిందట. ఆ ఏడుపు ఊరికే రాలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను బంధించింది ఇక్కడి సెల్యులార్ జైల్లోనే. ఉత్తరాంధ్రలో అండమాన్ అంటే తిరిగిరాని చోటని పేరు. 2011 జనాభా లెక్కలు చూస్తే ఈ ద్వీపాల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. అంతమంది వస్తారని ఆ తల్లికి అప్పుడెలా తెలుస్తుంది?

ముల్లు తీయడం నానమ్మ వాళ్లమ్మ దగ్గరే నేర్చుకుంది. ఓడ మీద తెచ్చుకున్న సామానులో ఇప్పుడేదీ మిగల్లేదు. ఇదొక్కటే ఉంది.

ఒకసారి నేను వద్దన్నాను. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. విశాఖలో చదువు ముగించి వచ్చిన మొదటి వారం. హాస్టల్లో మూడేళ్లు నా చేప నేనే తిన్నాను, నేనే ముళ్లు తీసుకున్నాను. ఆ రాత్రి నానమ్మ చెయ్యి నా కంచం మీదికి రాబోతుంటే, 'నాకొచ్చులే నానమ్మా, నేను తీసుకుంటాను' అన్నాను. కోపంగా అనలేదు. నెమ్మదిగానే అన్నాను. ఆ చెయ్యి గాలిలో ఒక క్షణం ఆగింది. వేళ్లకు పులుసు అంటి ఉంది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని చెంగుకు తుడుచుకుంది. 'పెద్దదానివైపోనావు' అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంది.

ఎవరూ ఏమీ అనలేదు. నాన్న మాత్రం తన కంచాన్ని ఎడమ చేత్తో ఒక జానెడు ఆమె వైపు జరిపాడు.

అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. పడవ మీద నుంచి దించిన చేపను కళ్లు మూసుకుని కోయగల మనిషి. ఆ జానెడు దూరం ఆయనెందుకు జరిపాడో నాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. అర్థమయ్యాక సిగ్గేసింది. ఎందుకంటే అది నా కళ్ల ముందు మొదలైన అలవాటే.

చిన్నప్పుడు పిల్లలందరికీ తీసేది గానీ నానమ్మ పెద్దవాళ్ల కంచాల జోలికి వెళ్లేది కాదు. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున ఆరున్నరకు భూమి ఊగినప్పుడు నాన్న వేట మీద ఉన్నాడు. ముందు రోజు సాయంత్రం వెళ్లాడు. మేం ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడ్డాం. కాసేపటికి నీళ్లొస్తున్నాయని అరుపులు. నానమ్మను చెరో రెక్కా పట్టుకుని అమ్మా నేనూ మెరకకు పరిగెత్తాం. కింద రోడ్డు మీదికి సముద్రం రావడం, మళ్లీ వెనక్కిపోవడం చూశాం. ఫోన్లు లేవు. కార్ నికోబార్ ఏమైందో, హట్‌బేలో మేనత్త వాళ్లు ఏమయ్యారో తెలీదు. నాన్న మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. లోతు నీళ్లలో వాళ్లకేమీ తెలియలేదట. పడవ ఒకసారి మెల్లగా లేచి దిగిందంతే. నడిసముద్రంలో సునామీ అల ఎత్తు తక్కువ, ఒడ్డు దగ్గర పడ్డాకే పైకి లేస్తుంది. మేం ఒడ్డున ఆయన కోసం ఏడుస్తున్నప్పుడు ఆయన వల లాగుతున్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో ఎవరూ చేప ముట్టలేదు. ముట్టబుద్ధి కాలేదు. మళ్లీ మా ఇంట్లో చేప ఉడికింది సంక్రాంతి దాటాకే. ఆ రాత్రి నానమ్మ ఎవర్నీ అడక్కుండా నాన్న కంచం తన ముందుకు లాక్కుంది. నలభై ఒక్కేళ్ల కొడుకు ముక్కకు ముల్లు తీయడం మొదలెట్టింది. వేళ్లు వణుకుతున్నాయి. ముల్లు విరుగుతోంది, మళ్లీ వెతుకుతోంది. నాన్న ముద్ద కలపకుండా అలాగే కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. వేట మానేసి మూడేళ్లయినా వద్దనలేదు.

పెద్దవాళ్లకు ఇలా చేసిపెడితే పాడైపోతారని మా పిన్ని అంటుంది. నేను ఒప్పుకోను. ఒకళ్లు పెట్టినప్పుడు తీసుకోవడం చేతకాకపోవడమే మనకున్న పెద్ద లోటని నాకనిపిస్తుంది. నాన్న దగ్గర ఆ చేతనైన తనం ఉంది. ఆకలి మీదున్నా, పులుసు పూర్తిగా చల్లారిపోయినా, ఆమె చెయ్యి తన కంచం వదిలేదాకా ఆగుతాడు. అది అర్థమైన రోజే నేనూ నా కంచం జరిపాను. నానమ్మ ఏమీ జరగనట్టు తీసింది.

ముల్లు భయం ఉత్త భయం కాదు. గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్ద నమలకుండా మింగమని మనవాళ్లు చెప్తారు, అరటిపండు మింగమంటారు. డాక్టర్లు వద్దంటారు. ముద్ద తోసుకుంటూ పోయి ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది. పాపకు నాలుగేళ్లప్పుడు అలా జరిగితే నేనే ముద్ద మింగించబోయాను. నానమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లమంది. ఆ ముక్క తను చూసి పెట్టింది కాదు, నేను పెట్టింది. ఆ మాట ఆమె ఏ రోజూ అనలేదు.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం ఉంటుంది. తాజా చేప తగ్గి, ఎండల్లో ఎండబెట్టిన నెత్తళ్లు బయటికి తీస్తాం. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం వానలే, జనవరి నుంచి ఏప్రిల్ లోపే ఎండబెట్టుకోవాలి. నెత్తళ్లకు ముల్లు తీసే పని లేదు, కరకరా నమిలేయడమే. ఆ రెండు నెలలూ నానమ్మ చేతికి ఏం తోచదు. పాప తలకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంటుంది. వేలి కొసలతో పాయలు విడదీస్తూ ఎక్కడో ఆగుతుంది, మళ్లీ సాగుతుంది.

నాలుగేళ్లుగా నానమ్మ కంట్లో పొర. ఒక కంటికే ఆపరేషన్ అయింది. 'కళ్లతో తీసినన్నాళ్లూ ఒకటో అరో తప్పిపోయీది, ఇప్పుడు తప్పదు' అంటుంది. నిజమే, తప్పలేదు. అందరివీ అయ్యాక, దాకలో మిగిలిన తల ముక్కో తోక ముక్కో వేసుకుని ఆఖర్న తను తింటుంది. ఆ ముక్కకు మాత్రం ముల్లు తీసుకోదు. నోట్లోనే వేరుచేసి పక్కన పెడుతుంది, అచ్చం బెంగాలీ దీదీ చెప్పినట్టే.

తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చేదాకా వాడి ముఖం ఫోన్‌లో నిలిచేది కాదు, మాట ఒకచోట, పెదవులు ఒకచోట. ఇప్పుడు రోజూ కనిపిస్తాడు. నానమ్మ అడిగే మొదటి మాట కంచం చూపించమనే. మొన్న ఆదివారం వాడు అపోలో ఫిష్ తెప్పించుకుని తింటున్నాడు.

'ముల్లు చూసుకుని తిను బాబూ.'

'దీనికి ముల్లుండదు నానమ్మా.'

'ముల్లు లేని చేపేటిరా? ఎవలు తీసినారు?'

వాడు నవ్వబోయి ఆగాడు. 'హోటల్లో తీసుంటారు.'

'తీసినోళ్లు తిన్నారా?'

వాడి దగ్గర జవాబు లేదు. కనుక్కుంటానన్నాడు. మాటవరసకు అన్నాడనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత నిజంగానే ఫోన్ చేశాడు. వంటింట్లో చేపలు కోసి ముళ్లు తీసే కుర్రాడిది ఒడిశాలో గంజాం జిల్లా అట.

'మనూరి అవతలోడే' అంది నానమ్మ. 'ఎప్పుడు తింటాడంట?'

'రాత్రి పన్నెండు దాటాక, అందరూ వెళ్లిపోయాక.'

నానమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాప కంచం తన ముందుకు లాక్కుంది.