ఒక్క అణా జరిగితే

పోయిన నెల ఒక ఆదివారం హైదరాబాద్ నాచారంలో మా ఇంట్లో ఐదుగురం కూర్చున్నాం. లైసెన్స్‌డ్ సర్వేయర్ పరీక్షకు చదివే పిల్లల కోసం నమూనా ప్రశ్నపత్రం తయారు చేద్దామని. అందరం సర్వే పాఠాలు చెప్పినవాళ్లమే. ఏ అంశానికి ఎన్ని మార్కులన్న దగ్గరే పొద్దు గూకింది.

మిగతావాళ్లు టోటల్ స్టేషన్, డీజీపీఎస్ యంత్రాలకు కలిపి 40, పాత కొలతల పటమైన టిప్పన్ చదవడానికి 5 అని రాసి పెట్టారు. నేను ఒప్పుకోలేదు.

"సార్, ఇంకా గొలుసు ఎవరు పడుతున్నారు? డీజీపీఎస్ రోవర్ పెడితే సెంటీమీటర్లలో వస్తుంది కదా" అన్నాడు నా పాత శిష్యుడు.

"వస్తుంది నాయనా. ఆ రోవర్ ఎక్కడ నిలబెట్టాలో నీకెవరు చెప్పాలి?"

చెప్పేది టిప్పనే. నిజాం కాలంలో సర్వే నంబరుకొకటి చొప్పున గీసిన ఆ కాగితం మీద కొలతలు గొలుసుల్లో, అణాల్లో ఉంటాయి. గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగా ఒక గుంట, అంటే 121 గజాలు. ఇరవై గొలుసుల పొడవున్న గట్టు ఒక్క అణా పక్కకు జరిగిందనుకోండి. రెండడుగులే కదా అనిపిస్తుంది. లెక్క కడితే గుంటంపావు, 151 గజాలు. మా నాచారంలో అందులో ఒక ఇల్లు లేస్తుంది.

ఈ లెక్క నాకు ఊరికే రాలేదు. నా దగ్గర ఫస్టున పాసైన కుర్రాడొకడు హద్దురాయి కనబడక గట్టు మూల నుంచే కొలత మొదలుపెట్టాడు. ఆ గట్టును పక్క రైతు ఏటా దున్నుకుంటూ జరుపుతున్నాడు. మెషిన్ తప్పు చెప్పలేదు, కూడికలూ సరిపోయాయి. నష్టపోయింది ఒక ముసలమ్మ. రాయి లేనప్పుడు చుట్టూ ఉన్న రాళ్ల నుంచి దాని చోటు ఎలా పట్టుకోవాలో నేను క్లాసులో చెప్పాను గానీ పరీక్షలో ఏనాడూ అడగలేదు. అడగనిది పిల్లలు ఎందుకు చదువుతారు? ఆ తప్పు నాది.

జియోడెసీ, అంటే భూమిని కొలిచే శాస్త్రం, వద్దని కాదు. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో 'హైడ్' అనే జీపీఎస్ కేంద్రం ఉంది. దాని ఎత్తు ఉపగ్రహాల లెక్కలో దాదాపు 441 మీటర్లు. సముద్రమట్టం నుంచి చూస్తే అంతకన్నా 70 మీటర్లకు పైగా ఎక్కువ. ఈ తేడా తెలియనివాడికి వానకాలువ లెవెల్ పని అప్పగిస్తే ఏమవుతుంది? పైగా మన నేల ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి కదులుతోంది. బటన్ల పేర్లు అడిగే బదులు ఇవి అడగాలి. సర్వే ఆఫ్ ఇండియా తన శిక్షణ సంస్థను నడుపుతున్న ఉప్పల్ పక్కనే ఉండి, ఇవి వదిలేసి పేపరు రాయడం నాకు చిన్నతనంగా ఉంటుంది.

బయటి దేశాల్లో చూడండి: ఫిలిప్పీన్స్‌లో జియోడెటిక్ ఇంజనీర్ లైసెన్సుకు 1998 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. అమెరికాలో పరీక్ష పాఠ్యాంశాలు మార్చే ముందు పనిలో ఉన్న సర్వేయర్లనే అడుగుతారు: ఈ పని ఎంత తరచుగా చేస్తారు, ఎంత ముఖ్యం అని. మంచి పద్ధతి. నేనైతే ఇంకో ప్రశ్న కలుపుతాను. ఇందులో తప్పు జరిగితే రైతుకు ఎంత పోతుంది? మార్కులు దాన్నిబట్టి పంచాలి.

తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టంతో, ఈ లైసెన్స్ పరీక్ష పాసైన కుర్రాళ్లు గీసే పటాలు రిజిస్ట్రేషన్ కాగితాలకు జత కాబోతున్నాయి. చివరికి మా పేపర్లో టిప్పన్‌కూ హద్దురాళ్లకూ 30 మార్కులు వచ్చాయి. అందులో పది పొలంలో నిలబడి చేసి చూపించాల్సినవి.

మీ పొలానికి సర్వేయర్ వస్తే, ఏ రాయి నుంచి కొలత మొదలుపెట్టారో చూపించమని అడగండి. అది టిప్పన్‌లో ఎక్కడుందో కూడా చూపించమనండి.