రుబీడియానికి కాసేపు చీకటి

విజయవాడ గుణదల విద్యుత్ సౌధలో కూర్చుని రాష్ట్ర గ్రిడ్‌ను కనిపెట్టుకుని ఉండే లోడ్ డిస్పాచ్ కేంద్రానికి మెగావాట్లతో ఎంత పనో మైక్రోసెకన్లతోనూ అంతే పని. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు నడుస్తుంది. సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు. దాన్ని 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి దక్కేది సుమారు 55 మైక్రోసెకన్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గరా, వందల కిలోమీటర్ల అవతలి సబ్‌స్టేషన్ దగ్గరా తరంగం ఏ డిగ్రీలో ఉందో ఒకే క్షణాన కొలిచి పోల్చగలిగితే, లైన్ల మీద ఒత్తిడి ఎటు పెరుగుతోందో ముందే తెలుస్తుంది. ఆ కొలతలు తీసే పీఎంయూ పరికరాలు ఉపగ్రహాల నుంచి వేళ అందుకుంటాయి. తుపాను గాలికి మేడమీది యాంటెన్నా పడిపోతే ఇక దిక్కు లోపలి గడియారమే. వంద కోట్లలో ఒక వంతు తప్పే క్వార్ట్జ్ గడియారం రోజు తిరిగేసరికి 86 మైక్రోసెకన్లు, అంటే డిగ్రీన్నర, జారిపోతుంది. దానికి వంద రెట్లు నిలకడైన రుబీడియం గడియారం ఒక్క మైక్రోసెకను కూడా దాటదు.

ఆ నిలకడ ఎక్కడిది? రుబీడియం-87 పరమాణువులో పక్కపక్కనే ఉన్న రెండు శక్తి స్థాయుల మధ్య తేడాకు సరిపోయే కంపనాల సంఖ్య సెకనుకు 683 కోట్ల 46 లక్షల 82 వేల 610. దాన్ని ఆధారం చేసుకుని క్వార్ట్జ్ నడకను ఎప్పటికప్పుడు సరిదిద్దడమే అణు గడియారం పని. పరమాణువులను కాంతితో ఒక స్థాయి నుంచి మరో స్థాయికి తోడిపోసే పద్ధతి కనిపెట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ కాస్లర్‌కు 1966లో నోబెల్ వచ్చింది. చాలాకాలం ఆ కాంతిని ఇచ్చింది రుబీడియం దీపమే.

ఈ గడియారం ఆగితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ లోని మూడు రుబీడియం గడియారాలూ, విదేశాల నుంచి కొన్నవి, ఒకదాని వెంట ఒకటి చెడిపోయాయి. దాంతో ఉపగ్రహం దారి చూపే పనికి దూరమైంది. 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి అదే పనికి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ తయారుచేసిన స్వదేశీ గడియారం ఉంది. నా దృష్టిలో ఆ ప్రయోగంలో రాకెట్ కన్నా గొప్ప సంగతి అదే.

పాత పద్ధతిలోని రుబీడియం దీపానికి వాట్లలో కరెంటు కావాలి. దాని స్థానంలో చిన్న లేజర్ పెడితే మిల్లీవాట్లు చాలు. 2011లో మార్కెట్లోకి వచ్చిన చిప్ స్థాయి సీజియం గడియారం బరువు 35 గ్రాములు, వాడే విద్యుత్తు 120 మిల్లీవాట్ల లోపు. రుబీడియం రకంలో 795 నానోమీటర్ల లేజర్‌కిచ్చే కరెంటును 3.4 గిగాహెర్ట్జ్ వేగంతో ఊపుతారు. అప్పుడు కాంతిలో రెండు పాయలు పుడతాయి. ఆ రెంటి కంపనాల మధ్య తేడా పరమాణువు కంపనాల సంఖ్యతో అచ్చంగా కలిసినప్పుడు రుబీడియం ఆవిరి కాంతిని మింగడం తగ్గిస్తుంది, అవతలి డిటెక్టర్‌లో వెలుగు కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదల శిఖరం తప్పకుండా పట్టుకుని ఉండటమే గడియారం చేయాల్సిందల్లా.

చిక్కంతా ఆ లేజర్‌తోనే. నాడి చూసే చేయి నాడినే మార్చినట్టు, అడగడానికి వేసిన కాంతే పరమాణువు స్థాయులను రవ్వంత జరుపుతుంది. లేజర్ పాతబడి వెలుగు తగ్గినా, కరెంటు ఊపు మారినా గడియారం నడక మారుతుంది. ఊపును ఒక మోతాదులో ఉంచితే ఈ జరుగుడు రద్దవుతుంది. అయితే లేజర్‌కు వయసు మీరేకొద్దీ ఆ మోతాదూ మారుతూ పోతుంది.

దీనికి అన్నిటికన్నా అందమైన విరుగుడు చీకటి. లేజర్‌ను ఒక్క మెరుపు మెరిపించి ఆర్పేస్తారు. కొన్ని మిల్లీసెకన్లు పరమాణువులు ఎవరి జోక్యమూ లేకుండా తమ లెక్కన తాము నడుస్తాయి. రెండో మెరుపుతో వాటి స్థితి చదువుతారు. అసలు లెక్క చీకట్లోనే జరుగుతుంది కనుక కాంతి ప్రభావం బాగా తగ్గుతుంది. చీకటి వ్యవధిని ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా ఉంచి రెండు ఫలితాలనూ పోల్చి, మిగిలిన దోషాన్నీ తీసేసే పద్ధతిని 2018లో ప్రయోగించి చూపారు.

రెండో శత్రువు వేడి, అది మన ఊరిదే. రుబీడియం 39 డిగ్రీలకే కరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మధ్యాహ్నం విజయవాడలో మూతపెట్టిన సీసాలో ఉంచితే దానంతటదే కరిగిపోతుంది. అందుకే ఆవిరి ఉండే గాజు గదిని బయటి వేడి ఎన్నటికీ అందుకోలేనంత పైన, సాధారణంగా 60 నుంచి 90 డిగ్రీల మధ్య, కదలకుండా పట్టి ఉంచుతారు. లోపల నైట్రోజన్, ఆర్గాన్ కలిపి నింపుతారు. ఆ వాయువుల మధ్య పరమాణువులు గోడలను త్వరగా తాకవు. పైగా వేడి పెరిగితే నైట్రోజన్ కంపనాన్ని పైకి నెడుతుంది, ఆర్గాన్ కిందికి లాగుతుంది. పాళ్లు కుదిరితే ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండూ సరితూగుతాయి, అక్కడే గదిని నిలబెడతారు. ఇంత చేసినా ఏళ్ల తరబడి గాలిలోని హీలియం గాజులోంచి మెల్లగా దూరి నడకను మారుస్తుంది. అందుకే అల్యూమినోసిలికేట్ గాజు వైపు మొగ్గుతున్నారు, అది హీలియాన్ని అంత సులువుగా రానివ్వదు.

గడియారాల కరపత్రాల్లో ముందుగా కనిపించేది ఒక సెకనుకు లెక్కగట్టిన నిలకడ. సగటు తీసే సమయం పెరిగేకొద్దీ ఆ అంకె మెరుగవుతూ వెళ్లి, ఒకచోట ఆగి, మళ్లీ చెడటం మొదలుపెడుతుంది. కాంతి జరుగుడు, వేడి, హీలియం బయటపడేది అక్కడే. గ్రిడ్‌కు గడియారం ఎంచేవాళ్లు ఒక రోజుకు ఎంత జారుతుందో, బయటి ఉష్ణోగ్రత 25 నుంచి 50 డిగ్రీలకు పోతే ఎంత మారుతుందో అడగాలి. ఆ రెండు అంకెలూ మన వేసవిలో, మన పరికరాల గదుల్లోనే కొలిచినవైతే మరీ మంచిది.