మంచినీళ్లు

ఇనుప తలుపు కీచుమంటూ పక్కకు దొర్లింది. ముందు చీకటి గుహ, దాని కొసన చెక్క తలుపు, పలకల సందుల్లోంచి సన్నగా వెలుతురు. తోసుకుని బయటికి అడుగు పెట్టగానే తెరంతా తెల్లబడిపోయింది. పుట్టి పందొమ్మిదేళ్లు నేల కింద పెరిగిన కళ్లకు ఎండ తగలడం అదే మొదలు. ఆ తెలుపు నిమ్మళంగా విడిపోతుంటే ఒక్కొక్కటే బయటపడ్డాయి. మాడిన చెట్లు, కూలిన రోడ్డు, పైకప్పులు ఎగిరిపోయిన ఇళ్లు, దూరాన దుమ్ములో ఒక మహానగరపు అస్థిపంజరం. ఎటు వెళ్లమని ఎవరూ చెప్పలేదు. గాలి చప్పుడు ఒక్కటే. కీబోర్డు మీంచి చేతులు తీసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఫాలౌట్ 3తో నా తొలి పరిచయం అది. కథ ప్రకారం 2077లో అణుయుద్ధం లోకాన్ని కాల్చేసింది. మనం ఆడేది 2277లో, అమెరికా రాజధాని వాషింగ్టన్ శిథిలాల మధ్య. వాల్ట్ 101 అనే భూగర్భ ఆశ్రయంలో పెరిగిన బిడ్డం మనం. తండ్రి ఒకరోజు చెప్పకుండా బయటికి వెళ్లిపోతాడు. ఆయన్ను వెతుక్కుంటూ మనమూ బయటపడతాం. బెథెస్డా సంస్థ 2008 అక్టోబరు 28న విడుదల చేసిన ఈ ఆటను ఇన్నేళ్ల తర్వాత కొండాపూర్‌లో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, అమెరికావాళ్లతో రాత్రి కాల్స్ ముగిశాక మొదలుపెట్టాను.

మన దేశంతో ఈ ఆటకు ఒక పాత లెక్క ఉంది. విడుదలకు ముందు మైక్రోసాఫ్ట్, సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా ఎక్స్‌బాక్స్ 360 మీద దీన్ని భారతదేశంలో విడుదల చేయడం లేదని ప్రకటించింది. ఏ అంశమో విడమరిచి చెప్పలేదు. ఆటలో బరువులు మోసే రెండు తలల ఆవుకు బ్రాహ్మిన్ అని పేరుండటమే కారణమని చాలామంది ఊహించారు. 2021 మార్చిలో బెథెస్డా మాతృసంస్థ జెనిమాక్స్ ఆ మైక్రోసాఫ్ట్ చేతికే వచ్చింది. గచ్చిబౌలిలో ఆ సంస్థ ప్రాంగణం పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాను. ఆ ఆవును ఆటలో మొదటిసారి చూసినప్పుడు రెండు తలలూ ఒకే బరువు కింద వంగి ఉన్నాయి. ఒక వ్యాపారి బతుకు మొత్తాన్ని వీపున వేసుకుని బూడిద నేల మీద నడిచిపోతోంది. ఆ పేరు ఎవరినైనా నొప్పించవచ్చు. ఆ నడక మాత్రం నన్ను కరిగించింది.

మన రససిద్ధాంతం నాటకాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. అక్కడ నటించేవాడు వేదిక మీద ఉంటాడు, రసాన్ని ఆస్వాదించే సహృదయుడు ఎదురుగా కూర్చుంటాడు. ఈ ఆటలో ఆ ఇద్దరూ ఒక్కరే. చీకటి మెట్ల మీద ఆగిపోయిన పాత్ర భయం నా వేలి వణుకు. నేను అడుగు వేయకపోతే కథే లేదు. కూలిన నగరాన్ని చూపించి భయపెట్టడం ఎవరైనా చేయగల పని. భయానకం, బీభత్సం ఇక్కడ దండిగానే ఉన్నాయి. కానీ ఈ ఆటలోని అసలు రసం వాటికి అడుగున, బండల కింద ఊటలా ఉంది. దాన్ని అందుకోవాలంటే ఎలా ఆడాలో, నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదటి మాట పుట్టుక గురించి. ఏడాది పాపగా పాకుతూ వెళ్లి ఒక బొమ్మల పుస్తకం తెరుస్తాం. బలం, చూపు, ఓర్పు, మాటతీరు, తెలివి, చురుకు, అదృష్టం అనే ఏడు గుణాలకు 40 పాయింట్లు పంచుకోవాలి. మన ఇళ్లలో అన్నప్రాసన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పరిచి, ఏది పట్టుకుంటుందా అని ఊపిరి బిగబట్టి చూస్తారే, అచ్చం ఆ ఘడియే. తెలివికి కాస్త ఎక్కువ ఇవ్వండి. స్థాయి పెరిగిన ప్రతిసారీ నైపుణ్యాలకు దక్కే పాయింట్లు దాన్నిబట్టే ఉంటాయి. పదహారో ఏట పరీక్ష రాశాక మూడు నైపుణ్యాలను ముఖ్యమైనవిగా ఎంచుకోవాలి. చిన్న తుపాకులు, తాళాలు తీయడం, మరమ్మతు చాలు కొత్తవాళ్లకు. ఆ లోకంలో ఏ ఆయుధమైనా వాడేకొద్దీ అరుగుతుంది, అదే రకం మరోదాని భాగాలతో బాగుచేసుకోవాలి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రెండు చచ్చిన ఫోన్లలోంచి ఒక బతికిన ఫోన్ తీసేవాళ్లను చూసినవారికి ఈ విద్యలోని అందం వేరే చెప్పక్కర్లేదు. వాల్ట్ వదిలేముందు ఎంపికలన్నీ మార్చుకునేందుకు ఒక చివరి అవకాశం ఇస్తారు. అక్కడ ఆగి ఆలోచించుకోండి. ఆట పాతది, కొత్త కంప్యూటర్ల మీద ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. తరచుగా, వేర్వేరు పేర్లతో సేవ్ చేసుకుంటూ ఉండండి.

రెండో మాట: నడవండి. ఒకసారి చూసిన చోటికి మ్యాప్ మీద నొక్కి క్షణంలో చేరిపోయే వీలుంది. మొదటి పది గంటలూ దాని జోలికి పోకండి. ఈ ఆటలో కథలు దారి పక్కన పడి ఉంటాయి. ఒక ఇంట్లో మంచం మీద పక్కపక్కనే రెండు ఎముకల గూళ్లు. వంటగదిలో బల్ల మీద పళ్లేలు పెట్టినవి పెట్టినట్టే. ఎవరూ ఏమీ వివరించరు. ఆ ఇంటివాళ్లు చివరి ఘడియల్లో ఏం మాట్లాడుకుని ఉంటారో మన మనసే అల్లుకుంటుంది. ధ్వని అని మనవాళ్లు అన్నది ఇదే కదా, చెప్పకుండా మిగిల్చినదాన్ని వినిపించడం. శత్రువు ఎదురైనప్పుడు వ్యాట్స్ మీట నొక్కితే కాలం ఆగుతుంది. ఏ అవయవానికి గురి తగిలే అవకాశం ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. డెత్‌క్లా లాంటి మృగం మీదికి ఉరికితే కాళ్లకు గురిపెట్టండి, వేగం తగ్గుతుంది. కానీ నేను ఆ మీటను యుద్ధం కోసమే వాడలేదు. ఊపిరి పీల్చుకోవడానికీ వాడాను.

నడుస్తూంటే నాకు 2020 మార్చి చివరి రోజులు గుర్తొచ్చాయి. లాక్‌డౌన్‌లో మందుల కోసం మాదాపూర్ వచ్చాను. సైబర్ టవర్స్ కూడలిలో ఒక్క బండి లేదు. సిగ్నల్ దీపాలు మాత్రం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని ఎవరి కోసమో మారుతూనే ఉన్నాయి. ఎక్కడో కోకిల కూసింది. ఆ కూడలిలో కోకిల వినడం నాకు అదే మొదటిసారి. ఫాలౌట్ లోకమంతా ఆ దీపాల్లాంటిదే. మనుషులు పోయినా వాళ్లు నమ్మిన రేపు ఇంకా వెలుగుతూ ఉంటుంది. అది 1950ల నాటి అమెరికా కలగన్న భవిష్యత్తు. అణువుతో నడిచే కార్లు, ఇంటిపని చేసే రోబోలు, ఆకుపచ్చ అక్షరాల కంప్యూటర్లు, గోడల మీద నవ్వే కుటుంబాల ప్రకటనలు. నిన్నటి రేపు అది. 1998 నవంబరు 22న వాజ్‌పేయి ప్రారంభించిన గుండ్రటి సైబర్ టవర్స్ కూడా ఒక తరం కలగన్న రేపే. ఇప్పుడు దాన్ని మించిన అద్దాల మేడల మధ్య అది నిన్నటిదైపోయి, మరింత అందంగా కనిపిస్తుంది. వాటన్నిటి మధ్య అక్కడక్కడా మిగిలిన గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మన రేపులన్నిటినీ అవి చూస్తూనే ఉన్నాయి.

మూడో మాట: రేడియో పెట్టుకోండి. చేతికి కట్టుకున్న పిప్-బాయ్‌లో గెలాక్సీ న్యూస్ రేడియో వస్తుంది. త్రీ డాగ్ అనే వ్యాఖ్యాత మనం చేసిన మంచిచెడ్డలను లోకానికి చాటుతాడు. మధ్యలో ఇంక్ స్పాట్స్, బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ పాటలు. ప్రేమ గురించి మెత్తగా పాడే ఆ గొంతులు బూడిద మీద తేలి వస్తుంటే, అర్ధరాత్రి దూరపు ఇంట్లోంచి వినపడే ఘంటసాల పాటలా గుండె బరువెక్కుతుంది. ఆ పాటలోని సుఖం, కళ్ల ముందున్న దుఃఖం ఒకదాన్నొకటి చెరుపుకోవు, ఒకదాన్నొకటి పెంచుతాయి. కొంతసేపు విన్నాక కట్టేయండి. పాట ఆగాక వచ్చే నిశ్శబ్దం కూడా ఆటలో భాగమే.

నాలుగో మాట: మోయిరా బ్రౌన్ అడిగిన పనులన్నీ చేయండి. పేలని అణుబాంబు చుట్టూ రేకులతో కట్టుకున్న మెగటన్ అనే ఊళ్లో ఆవిడది ఒక దుకాణం. బీడు భూముల్లో బతకడం ఎలాగో ఒక పుస్తకం రాయాలని ఆవిడ పట్టుదల. మనల్ని రకరకాల చోట్లకు పంపి, తెలుసుకున్నవాటిని అధ్యాయాలుగా కూర్చుతుంది. లోకం కాలిపోయి 200 ఏళ్లయినా, తెలిసింది నలుగురికీ పంచాలనే తపన ఆ మనిషిలో చావలేదు. ఆవిడ పంపితేనే మందుపాతరలు నిండిన ఒక పాడుబడ్డ ఊరికి వెళ్లాను. వంగి, అడుగులో అడుగు వేస్తూ, ఒక్కొక్క పాతరనూ చేత్తో ఆపుతూ ఊరి నడుమకు చేరాను. అక్కడ ఉన్నది పిల్లల ఆటస్థలం. జారుడుబండ ఉంది, పిల్లలు లేరు. అంత భయం దాటుకుంటూ వచ్చింది ఆ ఖాళీని చూడటానికా అనిపించి గొంతు పట్టేసింది. భయానకం దారి, కరుణం గమ్యం. ఈ ఆట కట్టుబడిలోని గొప్పతనం నాకు అక్కడ పట్టుబడింది.

లోపాలు లేవనను. ప్రతి దృశ్యం మీదా పాచి పట్టినట్టు ఒకే ఆకుపచ్చ బూడిద రంగు. నగరం నడిబొడ్డుకు చేరాలంటే దూరాల్సిన మెట్రో సొరంగాలు ఒకదానికొకటి నకళ్లు. రాయదుర్గంలో ఆకాశాన నడిచే మెట్రోకు అలవాటుపడ్డ నాకు ఆ పాతాళం ఊపిరాడనివ్వలేదు. అయినా ప్రతి సొరంగం చివరా మళ్లీ ఎండలోకి వస్తాం. ఆ మొదటి తెలుపు మళ్లీ ఒకసారి దక్కుతుంది.

పాత ఇనుప సామాన్ల గుట్టల మధ్య ఒక కుక్క దొరుకుతుంది. పేరు డాగ్‌మీట్. తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పెద్ద పోరాటం ముందున్నప్పుడు మాత్రం దాన్ని వెనకే ఉండమని చెప్పండి, దానికీ చావుంది. అంతా పోయాక చివరి నడకలో ధర్మరాజు వెంట నడిచింది కూడా కుక్కే. దాన్ని వదిలి స్వర్గానికి రానన్న మాటలోని బరువు, ఈ కుక్క వెనక్కి తిరిగి నా కోసం ఆగినప్పుడు తెలిసింది.

ఇక అసలు మాట, నీళ్లు. ఈ లోకంలో పాత కుళాయి తిప్పినా, గుంటలో దోసిలి పట్టినా ఒంట్లో రేడియేషన్ చేరుతుంది. 200 దాటితే జబ్బు, 1000కి చావు. దాన్ని దించే మందును పొదుపుగా వాడుకోవాలి. శుద్ధమైన నీళ్ల సీసా దొరికితే అది నిధి. తండ్రి ఇల్లు విడిచిన కారణం వెనకా నీళ్లే ఉన్నాయి. అంతకు మించి చెబితే కథ చెప్పేసినట్టవుతుంది. 2024 జూన్ 27న వచ్చిన మన ‘కల్కి 2898 ఏడీ’లో నాగ్ అశ్విన్ కూడా ఎండిన గంగ పక్కన కాశీని నిలబెట్టారు. లోకం అంతాన్ని ఎవరు ఊహించినా ముందు ఎండేది నీరే.

మెగటన్ గేటు బయట మిక్కీ అనే మనిషి కూర్చుని ఉంటాడు. బాగున్న నీళ్లు కొంచెం ఇమ్మని అడుగుతాడు. మొదటిసారి నా దగ్గర లేవు. లోపలికి వెళ్లి, పేలుడు పదార్థాల నైపుణ్యాన్ని 25కు పెంచుకుని, ఊరి నడుమ ఉన్న బాంబును ఆపేశాను. కృతజ్ఞతగా ఊరివాళ్లు ఒక ఇల్లిచ్చారు. ఆ ఇంట్లో ఉండే రోబోను అడిగితే శుద్ధమైన నీళ్లిస్తుంది. గేటు బయటికి తెచ్చి మిక్కీకి ఒక సీసా ఇచ్చాను. తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో, నా కర్మ పెరిగిందని కనిపించింది. ఆటలో ఆ లెక్క పేరు కర్మే. మన మాట ఎంత దూరం వెళ్లి అక్కడ నిలబడిందో! ఊరిని కాపాడినప్పుడు కలగని తృప్తి ఆ సీసాతో కలిగింది. తాగే నీటిని మనం మంచినీళ్లు అంటాం. రుచినీ శుద్ధినీ మంచితనాన్నీ ఒకే మాటలో పోసి ఉంచిన భాష మనది. రసం అనే మాటకు నీరనే అర్థం కూడా ఉంది. ఈ ఆటలో ఆ రెండు అర్థాలూ ఒక్కటైపోయాయి. అడుగున ఊట అన్నాను, అది ఇదే. అందుకే కొత్తగా ఆడేవాళ్లకు నా చివరి సలహా: మొదట దొరికిన శుద్ధమైన నీళ్ల సీసా మీ కోసం దాచుకోకండి.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసరికి తెల్లారుతోంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు ఇక్కడికి కూతవేటు దూరం. మా అపార్ట్‌మెంట్ మాత్రం వేసవిలో ట్యాంకర్ మీదే బతుకుతుంది. కిందికి దిగాను. వాచ్‌మన్ సంపు మూత తీసి పైపు దింపుతున్నాడు.

“ఏం సార్, నిద్ర పట్టలేదా?”

“లేదన్నా. నిండటానికి ఎంతసేపు పడుతుంది?”

“అరగంట పడతది. మీరు పోయి పడుకోండి సార్.”

చీకటి సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు మొదట బోలుగా, తర్వాత చిక్కగా మారుతోంది. రోజూ పక్క మీద నుంచి విని విసుక్కున్న చప్పుడే. ట్యాంకర్ ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.