ఏనుగు మీది సామి

సగం మనిషివి, సగం సింహానివి. కాళ్ళ కింద ఏనుగు. కాకతీయ రాజు గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి, 1262లో కూతురు రుద్రమకు ఏలుబడి అప్పజెప్పి తప్పుకున్నాడు. నువ్వు మాత్రం గణపురం కోటగుళ్ళలో ఎక్కిన ఏనుగు దిగలేదు. ఆ కూతురికి రాయగజకేసరి అని బిరుదు. ఏనుగుల్లాంటి రాజుల మీద సింహమట. బిరుదు శాసనాల్లోకి పోయింది, నాణేల మీదికెక్కింది. నువ్వు ఎండకు కాగుతూ, వానకు నానుతూ ఇక్కడే ఉన్నావు.

నీకు దండం. నీ పంజాకు దండం. నీ బరువు మోస్తూ కూలబడని ఆ ఏనుగుకు ఇంకో దండం.

పరకాల దాటి రేగొండ మీదుగా వచ్చేవాళ్ళకు నీలాంటి రూపం కొత్త కాదు. ఆ మండలంలోనే కొడవటంచ ఉంది, అక్కడ లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. ఫాల్గుణంలో జాతరకు ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతాయి. సింహం తల మీద మనిషి మొక్కు నిలబడటంలో ఇక్కడెవరికీ వింత కనబడదు. అయితే ఆయనకు స్తంభం ఉంది, గడప ఉంది, సందెవేళ ఉంది, నమ్మిన పిల్లవాడొకడు ఉన్నాడు. నీకు అవేవీ లేవు. చీల్చడానికి హిరణ్యకశిపుడు లేడు, కాపాడటానికి ప్రహ్లాదుడు లేడు. ఉన్నదల్లా రాయి, ఆ రాయిలో నిన్ను చూసిన ఒక మనిషి కన్ను.

ఆ కన్ను నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రేగొండ పక్కనే పాండవుల గుట్ట ఉంది. ఇసుకరాతి గుట్ట. దాని చరియల నీడలో ఎర్రరంగుతో బొమ్మలు గీసిన ఆదిమానవుడు చూసిందే గీశాడు. అడవిదున్న, దుప్పి, పులి, అన్నీ అతని ఎదుట తిరిగినవే, తిన్నవో తరిమినవో. నిన్ను చెక్కినవాడు అలా కాదు. ఏ అడవిలోనూ ఎదురుపడని జీవాన్ని చెక్కాడు. నీ పక్కన ఇంకొకదాన్ని కూడా నిలిపాడు. గుర్రం తల, సింహం ఒళ్ళు, వీపు మీద రౌతు. ఆ రౌతు ఏమాత్రం బెదరలేదు, అది నాకు మరీ ఇష్టం.

ఆ గుట్ట బొమ్మలు 1990లో పురావస్తు శాఖ కంటబడ్డాయి. అంతకు ముందే ఊళ్ళు ఆ గుట్టను కథలతో నింపేశాయి. అరణ్యవాసంలో పాండవులు తలదాచుకున్నది ఇక్కడేనట. ఒక చరియ ఎదురు పాండవులు, ఒక గుహ గొంతెమ్మది. కుంతిని గొంతెమ్మగా చేసుకుని గుహ కట్టబెట్టిన జనం ఇది. హస్తినాపురం ఎక్కడ, రేగొండ ఎక్కడ అని లెక్కలు తీసేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ రాయి సగం చెప్పి ఊరుకుంటే, మిగతా సగం చెప్పకుండా ఉండలేని నోళ్ళు ఈ నేలవి.

నీకు అక్కలాంటి గుడిలోనూ ఇదే జరిగింది. పాలంపేటలో శాసనం ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, 1213 నాటిదని తేలుస్తుంది. లోపలున్న దేవుడు రామలింగేశ్వరుడు. అయినా గుడి పేరు రామప్ప. కట్టిన శిల్పి పేరట, కట్టడానికి నలభై ఏళ్ళు పట్టిందట. చరిత్రకారులు సాక్ష్యం అడుగుతారు, అడగాలి కూడా. నేను మాత్రం అక్కడి మదనికలనే రాతి స్త్రీల కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసినవాణ్ణి. నల్లరాతి మీద నాగిని ఒంటిని చుట్టుకున్న పామును చూశాను. వేటకత్తె కాలికి ఎత్తు మడమల చెప్పు చూశాను. రాతి హారం రాతి ఎద మీద వేసిన నీడ చూశాను. సేనాని సొమ్ము పెట్టి ఉంటాడు, కాదనను. ఆ చెప్పు అతని సొమ్ముకు తట్టింది కాదు. ఉలి పట్టిన చేతికి తట్టింది. ఊరు దానికి కూలి బాకీ ఉందనుకుంది, గుడి పేరుగా చెల్లించింది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి రుద్రేశ్వరాలయంగా ఎక్కినా, పక్కనే కుండలీకరణాల్లో రామప్ప అన్న పేరూ ఎక్కింది.

మరి నీ శిల్పి పేరేమిటి? నీ గుడికి గణపేశ్వరమని రాజు పేరు పెట్టారు. చుట్టూ ప్రాకారం చూసి జనం కోటగుళ్ళన్నారు. లోపల ఎన్ని చిన్న గుళ్ళో, ఎన్ని ఒరిగిన గోడలో, పునాది తప్ప మిగలనివి ఎన్నో. ఇద్దరు మదనికలు నడుము వంచి ఇంకా నిలిచే ఉన్నారు. రామప్పకు బస్సుల్లో దిగే జనంలో నీ దాకా వచ్చేది కొందరే. ఇటు చెల్పూరులో పదకొండు వందల మెగావాట్ల థర్మల్ కేంద్రం, అటు భూపాలపల్లిలో సింగరేణి గనులు. ఈ నేలను తవ్వి నిప్పు తీస్తున్నారు. నిన్ను తీసినవాడు చిన్న ఉలితో సింహాన్ని తీశాడు, మనిషిని అందులోనే ఉండనిచ్చాడు.

పండితులు నిన్ను చూసి వ్యాళమంటారు, గజకేసరి అంటారు. సరే. కానీ కొడవటంచ జాతర చూసుకుని ఇటు తిరిగిన ఏ ముసలవ్వో నీ ముందు ఆగి, మనుమని నెత్తిన చెయ్యివేసి వంచి, "మొక్కు బిడ్డా, ఏనుగునెక్కిన నర్సింహసామి" అని నీకూ ఒక కథ మొదలుపెడితే, నేను అడ్డం పడి సరిదిద్దను. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలో చూపిస్తాను.